చెరువుల రక్షణకు చట్ట సవరణ కావాలని అడగాలంటే, అసెంబ్లీ సమావేశాలకు ముందు ఎవరి దగ్గరికి పోవాల?

పాకాల టీచరమ్మ

అందరికీ నమస్కారం. మాది పాకాల పక్కన ఒక పల్లె. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనాను. మా ఊరి చెరువు కోసం ఒక పని తలకెత్తుకున్నాం. దారి తెలిసినవాళ్లు చెప్తారని ఇక్కడ రాస్తా ఉన్నాను.

మా చెరువుకు రెండు పక్కల నుంచి నీళ్లు వస్తాయి. కొండ నుంచి దిగే వంక ఇంకా బాగానే ఉంది. రెండోది సప్లై చానల్. పైచెరువు నిండి మొరవ పోతే (పొర్లితే) ఆ నీళ్లు ఈ కాలువలో మాకు రావాల. పోయినేడు ఆ కాలువ మీద ఎర్రమట్టి తోలి చదును చేసినారు. తెల్లరాళ్లు నాటి ప్లాట్లు కొట్టినారు. కాలువ పారే చోట ఇప్పుడు రోడ్డు ఉంది, దాని కింద ఒక సిమెంటు తూర పెట్టినారు. మా మనవడు ఏడో తరగతి, బక్కపిల్లాడు. బంతి కోసం ఆ తూరలో దూరబోతే వాడి భుజాలే పట్టలేదు. ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పటం) నకలు తీయించి చూస్తే అక్కడ కాలువ వెడల్పు ఇద్దరు మనుషులు చేతులు చాచి నిలబడేంత ఉంది.

సంబంధించిన ఆఫీసులో అడిగితే, "జీవో ఉందమ్మా, కానీ మీ చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే గీత) హద్దు ఖరారు కాలేదు, హద్దు లేనిదే ఎక్కడి నుంచి కొలవమంటారు?" అన్నారు. ఇంకో ఆఫీసులో అడిగితే కాలువ మాది కాదన్నారు.

2021 నవంబరు వానలు ఇక్కడ ఎవరూ మరిచిపోయి ఉండరు. రాయలచెరువు కట్ట లీకైతే గండి పడుతుందేమోనని కింద ఊళ్లన్నీ ఖాళీ చేయించినారు. తిరుపతిలో వీధులకు వీధులు మునిగినాయి. స్వర్ణముఖి పుట్టేది మా పాకాల కొండల పక్కనే. ఇక్కడ చెరువులు నీళ్లు పట్టుకోకపోతే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా చంద్రగిరి, తిరుపతి మీదకే పోవాల. మా ఊరి కాలువ పూడిస్తే మా ఊరికి ఎండ, కింద ఊరికి వరద. ఈ మాట నేను క్లాసులో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేదాన్ని. ఇప్పుడు దాన్ని కళ్లారా చూస్తా ఉన్నాను.

మా కాలువ గురించి కలెక్టరేటులో సోమవారం గ్రీవెన్సులో అర్జీ పెట్టినాం, ఆ పని ఆ దారిన నడుస్తుంది. నేను అడిగేది వేరే. ఇట్లాంటి కాలువలు జిల్లా నిండా ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో అర్జీ రాసుకుంటా పోతే మా జీవితాలు సరిపోవు. చెరువుకు, దాని కాలువకు చట్టంలోనే హద్దు పెట్టి, పెట్టకపోతే జవాబు చెప్పాల్సింది ఎవరో కూడా అందులోనే రాయాల. వచ్చే అసెంబ్లీ సమావేశాల్లో ఈ మాట లేవాలని మా కోరిక. ఆయకట్టు రైతులు, డ్వాక్రా అక్కలు, డిగ్రీ చదివే పిల్లలు కలిసి ఒక గుంపుగా ఉన్నాం. అందరూ ఓపికగలవాళ్లే.

కొత్త బిల్లు అడగాల్నా, ఉన్న చట్టానికి సవరణ అడగాల్నా? ఎమ్మెల్యేనా, ఎమ్మెల్సీనా, మంత్రా? పిల్లలు సమావేశాలు జరిగేటప్పుడు వెలగపూడి పోదామంటున్నారు. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి విజయవాడలో ఉంటాం. పోతే ఉపయోగం ఉంటుందా?


గొల్లవానిగుంట వాసి

మేడమ్, తిరుపతి నుంచి రాస్తున్నా. 2021లో మా వీధిలో నడుముల్లోతు నీళ్లు. బీరువా కింది అర మొత్తం తడిసి మా నాన్న పింఛను కాగితాలు ముద్దయిపోయినాయి. మధురానగర్, లక్ష్మీపురం సర్కిల్ పక్క కూడా అంతే. అప్పుడు అందరం మునిసిపల్ డ్రైనేజీనే తిట్టినాం. మీరు చెప్పిన పైచెరువు సంగతి టౌనులో ఎవరికీ తట్టదు. మీ అర్జీలో టౌను వాళ్ల సంతకాలు కూడా ఉండాల. పల్లె రైతుల అర్జీగా పోతే సాగునీటి సమస్య అని ఒక ఫైల్లో పెడతారు. మునిగిన టౌను, ఎండిన పల్లె కలిసి ఒకటే మాట అడిగితే దానికి లెక్క వేరు. మా వీధి సంతకాలు నేను చేయిస్తా.


కట్టమీద మనిషి

టీచరమ్మా, నేను ఇరిగేషన్‌లో అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ)గా చేరి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (డీఈ)గా దిగిపోయినాను. సర్వీసు చాలావరకు చిత్తూరు, పుత్తూరు, చంద్రగిరి పక్కనే. మీరు అడిగినదానికి నాకు తెలిసింది చెప్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు హద్దు సంగతి. "ఎఫ్‌టీఎల్ ఖరారు కాలేదు" అనే జవాబు విని మీరు వెనక్కి రావద్దు. కలుజు, అంటే నిండిన నీళ్లు పొర్లిపోయే కట్టడం, ఉన్న ప్రతి చెరువుకూ ఎఫ్‌టీఎల్ ఉంటుంది. కలుజు తల ఏ మట్టంలో ఉందో అదే పూర్తి నీటిమట్టం. అంతకు మించిన నీళ్లు మొరవ పోతాయి. లెవెల్ మిషన్ పెట్టి ఆ మట్టాన్ని చెరువు చుట్టూ పట్టుకుంటా పోతే గీత దొరుకుతుంది. ఒక సర్వేయరు, ఇద్దరు చైన్‌మెన్ ఉంటే మీ ఊరి చెరువంత దానికి పెద్ద పనేం కాదు. గీత గీసి, గెజిట్‌లో వేసి, రాళ్లు నాటే బాధ్యత ఫలానా తేదీలోపల ఫలానా అధికారిది అని ఎక్కడా గట్టిగా లేకపోవడమే జబ్బు.

మెమోయిర్ అని ఒకటి ఉంటుంది. మైనర్ ఇరిగేషన్ చెరువు ఒక్కోదానికి పాతకాలంలోనే రాసిపెట్టిన పత్రం. ఆయకట్టు ఎంత, పరివాహక ప్రాంతం ఎంత, తూము అడుగు మట్టం, కలుజు పొడవు, కట్ట తల, పైచెరువు ఏది, కిందిచెరువు ఏది, అన్నీ అందులో ఉంటాయి. మీ చెరువు మెమోయిర్ నకలు కావాలని సమాచార హక్కు కింద అడగండి. జిల్లా స్థాయి ఆఫీసుకైతే 10 రూపాయలు, మండల స్థాయికి 5 రూపాయలు, ఊళ్లో అయితే ఫీజే లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాల. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు ఫైళ్లు అటూ ఇటూ అయినాయి కాబట్టి తిరుపతిలోనూ చిత్తూరులోనూ రెండుచోట్లా పెట్టండి. వంద ఎకరాల లోపు ఆయకట్టు చెరువులు చాలాకాలం పంచాయతీరాజ్ చేతిలో ఉండినాయి, మీది చిన్న చెరువైతే వాళ్లనూ అడగండి. "కాలువ మాది కాదు" అనే మాటకు మూలం అక్కడే ఉంది.

ఇప్పుడు చట్టం. మీకు కొత్త బిల్లు అక్కరలేదని నా అభిప్రాయం. 2002లో వచ్చిన వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం, మన దగ్గర ఉంది. బోరు వేసుకునే రైతుకు, చెట్టు కొట్టే మనిషికి మాత్రమే అది తెలుసు. అందులో సెక్షన్ 23 తీసి చదవండి. చెరువులను, కుంటలను, వాటి వాగులూ కాలువలతో సహా వారసత్వ జలవనరులుగా, పరిరక్షణ ప్రాంతాలుగా నోటిఫై చేయడానికి, హద్దులు శాశ్వతంగా గుర్తించడానికి, ఆక్రమణలు తీయించడానికి అథారిటీకి అధికారం ఇచ్చింది. కాలువలతో సహా! మీకు కావాల్సింది దాదాపు అంతా అక్కడ ఉంది. లేనిది గడువు. అధికారం ఇచ్చి ఊరుకుంటే ఎవరూ దాన్ని వాడకపోయినా తప్పుపట్టే దారి ఉండదు.

జీవో అని మీకు ఆఫీసులో చెప్పింది బిల్డింగ్ రూల్స్ గురించి అయి ఉంటుంది. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకు చిన్నదైతే 9 మీటర్లు కట్టడాలు కూడదని 2017 రూల్స్‌లో ఉంది. మంచిదే. కానీ రూలు మార్చడానికి సభ అక్కరలేదు, సెక్రటేరియట్‌లో ఒక సంతకం చాలు. చట్టంలో ఉన్నదాన్ని తీయాలంటే మాత్రం 175 మంది ఎదురుగా పెట్టి తీయాల. అందుకే మీరు సభ గురించి ఆలోచిస్తా ఉండటం నాకు చాలా సంతోషంగా ఉంది.

ఇక వెలగపూడి. సమావేశాలు మొదలైనాక పోతే మీ మాట వినే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. ఎన్ని రోజులు నడపాల, ఏం చర్చించాల అనేది మొదటిరోజే బీఏసీలో, అంటే సభ పనులు ఖరారు చేసే కమిటీలో, తేలిపోతుంది. ప్రశ్నలకు నోటీసులు దానికి చాలా ముందే పోయి ఉంటాయి. బిల్లులైతే ఒకరోజు పెట్టి మరుసటి రోజే పాసయినవి ఎన్నో చూసినాం. మీ పని సమావేశాల తేదీలు పేపర్లో రాకముందే అయిపోవాల. ఆరు నెలలకు మించి సభ జరపకుండా ఉండటానికి రాజ్యాంగం ఒప్పుకోదు. ఫిబ్రవరి, మార్చిలో బడ్జెట్ సమావేశాలు ఎట్లాగూ ఉంటాయి. అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకోండి.

మీ చేతిలో ఉన్న అసలు ఆయుధం సభలో సభ్యుడు మంత్రిని అడిగే ప్రశ్న. ఎల్‌ఏక్యూ అంటారు ఆఫీసుల్లో. సామాన్యుడి అర్జీ కిందనుంచి పైకి పోతుంది, ఒక్కో బల్ల మీద ఆగుతుంది. ఎల్‌ఏక్యూ పైనుంచి కిందికి దిగుతుంది. సెక్రటరీ నుంచి, ఇంజినీర్ల వరుసలో పెద్దవాళ్ల నుంచి చిన్నవాళ్ల దాకా, ఈఎన్‌సీ, అక్కడి నుంచి ఎస్‌ఈ, ఈఈ, డీఈ, చివరికి కట్ట మీద నిలబడిన ఏఈ. నేను సైటులో ఉండగా ఫోన్లు వచ్చేవి: "రేపు పొద్దున పదికి మంత్రిగారి నోట్ పోవాల, మీ సెక్షన్లో ఎన్ని చెరువులకు హద్దురాళ్లు ఉన్నాయి?" ఆ రాత్రి మేము, వర్క్ ఇన్‌స్పెక్టర్లు, చెరువు నీళ్లు వదిలే నీరుగట్టీలు కూర్చుని ఊరూరికీ ఫోన్లు చేసి పట్టిక నింపేవాళ్లం. ఏళ్ల తరబడి ఎవరూ లెక్కపెట్టనిది ఒక్క రాత్రిలో లెక్కకు వచ్చేది. బిల్లు రాకపోయినా ఆ పట్టిక మిగులుతుంది, సభలో పెట్టిన జవాబు కాబట్టి దాన్ని తర్వాత ఎవరూ కాదనలేరు.

ప్రశ్న రాయడంలో జాగ్రత్త ఉంది. "చెరువులు ఆక్రమణకు గురవుతున్న విషయం ప్రభుత్వ దృష్టికి వచ్చిందా?" అని అడిగితే "అవునండి, చర్యలు తీసుకుంటున్నాం" అని వస్తుంది, అంతటితో సరి. ఇట్లా అడిగించండి: తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో వాల్టా సెక్షన్ 23 కింద ఇప్పటిదాకా నోటిఫై చేసిన చెరువులు ఎన్ని, మండలాల వారీగా, వాటిలో సప్లై చానళ్లను కూడా చేర్చినవి ఎన్ని, హద్దురాళ్లు నాటినవి ఎన్ని, మిగతావాటికి ఏ తేదీలోపల పూర్తిచేస్తారు. అంకె చెప్పక తప్పదు. సున్నా అయితే సున్నా అని చెప్పాల.

ఎమ్మెల్యే దగ్గరికి పోయేటప్పుడు ఒకే పేజీ తీసుకుపోండి. ఒక పక్క ఈ ప్రశ్న టైపు చేసి ఉండాల, రెండో పక్క మీ ఎఫ్‌ఎంబీ నకలు, ఆ తూర ఫొటో. మీ మనవడిని తూర పక్కన నిలబెట్టి తీయండి, కొలత చెప్పే పని తప్పుతుంది. వాళ్ల పీఏకు సాఫ్ట్ కాపీ కూడా ఇచ్చి రండి, నోటీసు తయారుచేసేది చాలాచోట్ల ఆయనే. అధికార పక్షమా, ప్రతిపక్షమా అని చూడొద్దు. పక్క నియోజకవర్గాల వాళ్లకూ ఇదే కాగితం ఇవ్వండి. నాలుగు చోట్ల నుంచి ఒకే ప్రశ్న పోతే ఏదో ఒకటి లిస్టులోకి వస్తుంది.


తిరుపతి కోర్టు వీధి

కట్టమీద సార్ చెప్పిన సెక్షన్ 23 మాటకు నా పూర్తి మద్దతు. వకీలుగా కొన్ని చేరుస్తాను.

నీరు, భూమి రెండూ రాష్ట్ర జాబితాలోవి. ఈ సవరణ రాష్ట్ర శాసనసభ చేతిలో పని, గవర్నర్ ఆమోదంతో ముగుస్తుంది. అడవుల మీదో, వన్యప్రాణుల మీదో అయితే 1976లో 42వ సవరణతో అవి ఉమ్మడి జాబితాకు పోయినాయి, అక్కడ కేంద్ర చట్టంతో తగాదా వస్తుంది. మీ ముసాయిదాలో శేషాచలం అడవి సంగతి, ఎర్రచందనం సంగతి కలపొద్దు. అవి ముఖ్యం కావని కాదు. అవి కలిస్తే "ఇది మా పరిధి కాదు" అని మొత్తం కాగితాన్నే పక్కన పెట్టడానికి సందు దొరుకుతుంది.

ఎమ్మెల్యే తానుగా పెట్టే ప్రైవేటు బిల్లు మీద ఆశ పెట్టుకోకండి. పార్లమెంటులోనే 1970 తర్వాత ఒక్క ప్రైవేటు బిల్లు కూడా చట్టం కాలేదు. పైగా ఖజానా నుంచి ఖర్చయ్యే నిబంధన ఉంటే రాజ్యాంగం 207వ అధికరణం ప్రకారం గవర్నర్ సిఫారసు లేకుండా సభ దాన్ని పాస్ చేయలేదు. మీ సవరణలో "ప్రతి చెరువుకూ కంచె వేయాలి, నిధి ఏర్పాటు చేయాలి" అని రాయకండి. ఇప్పుడున్న సర్వేయర్లతో, ఇప్పుడున్న ఆఫీసుతో చేయగలిగిందే రాయండి: ఫలానా గడువులో హద్దు ప్రకటించాలి, ప్రకటించేదాకా మెమోయిర్‌లోని మట్టాన్నే హద్దుగా తీసుకోవాలి, హద్దు తేలకముందు ఆ సర్వే నంబర్లలో లేఔట్‌కు అనుమతి ఇవ్వకూడదు. నా దృష్టిలో రెండో మాటే గుండెకాయ. హద్దు ఆలస్యమైతే ఇప్పుడు లాభం ఆక్రమించినవాడిది. ఆ మాట చేరిస్తే ఆలస్యం వల్ల చెరువుకు నష్టం ఉండదు.

నమూనా కావాలంటే మన పక్కనే ఉంది. తమిళనాడు 2007లో చెరువుల రక్షణకూ ఆక్రమణల తొలగింపుకూ ప్రత్యేక చట్టం చేసుకుంది. సర్వే చేయడం, హద్దుల పటం తయారుచేయడం, నోటీసు, తొలగింపు, ఒకదాని వెనక ఒకటి వరుసగా రాసి ఉంది. అయితే అది పబ్లిక్ వర్క్స్ శాఖ కింద ఉన్న చెరువులకే. పంచాయతీ చెరువులు దాని బయట ఉండిపోయినాయి. మీ ముసాయిదాలో ఆ ఖాళీ రానీయకండి. కర్ణాటకలో గాలి ఎదురు తిరిగింది. 2025లో చెరువుల చుట్టూ కట్టడాలు కూడని జాగా (బఫర్) తగ్గించే సవరణ బిల్లు సభల్లో పాసైతే, బెంగళూరు పౌరులు దానిమీద సంతకం పెట్టొద్దని గవర్నర్‌ను కోరినారు. మంచి బిల్లు తెప్పించుకోవడమే కాదు, ఉన్నదాన్ని సడలించే బిల్లు వస్తా ఉందేమో కూడా కనిపెట్టుకుని ఉండాల. సభలో పెట్టే బిల్లుల జాబితా చూసేందుకు మీ గుంపులో డిగ్రీ పిల్లలకు ఆ పని అప్పజెప్పండి.

బిల్లు ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందు ఉంచాలని కేంద్ర మంత్రిత్వ శాఖలకు 2014లో ఒక విధానం వచ్చింది. అది రాష్ట్రాలను కట్టిపడేసేది కాదు. అయినా మీ అర్జీలో అడగండి, అడిగినందుకు పోయేదేమీ లేదు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 మాత్రం రాష్ట్రానికీ వర్తిస్తుంది. ముఖ్యమైన విధానాలు తయారుచేసేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రచురించాలని అందులో ఉంది.

ఎమ్మెల్సీలను మరిచిపోవద్దు. ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు కలిపి పట్టభద్రుల స్థానం ఒకటి, ఉపాధ్యాయుల స్థానం ఒకటి ఉన్నాయి. మీ గుంపులో ఓటు నమోదు చేసుకున్న డిగ్రీవాళ్లు ఎందరుంటే అందరి పేర్లతో ఉత్తరం పోనివ్వండి. మండలి బిల్లును ఆపలేదు. మొదటిసారి మూడు నెలలు, సభ మళ్లీ పాస్ చేసి పంపితే ఇంకో నెల ఆలస్యం చేయగలదు, అంతే. కానీ మండలిలోనూ ప్రశ్నలు ఉంటాయి, అక్కడ రద్దీ తక్కువ. శాసనసభలో అర్జీల కమిటీ కూడా ఉంది. మీ ఎమ్మెల్యే ద్వారా దానికి ఒక అర్జీ పెట్టించండి. సమావేశాలు ముగిసినా కమిటీ పని ముగియదు.

వెలగపూడి పోవాలనే పిల్లలకు ఒక మాట. సమావేశాల సమయంలో గుంపుగా పోతే ఆంక్షలు ఉంటాయి, పాత 144 ఇప్పుడు కొత్త చట్టంలో 163. కేసులు పెట్టించుకుంటే వాళ్ల ఉద్యోగాలకు ఇబ్బంది. చూడాలనుంటే ఎమ్మెల్యే సిఫారసుతో గ్యాలరీ పాసు తీసుకుని నలుగురు పోయి కూర్చోండి. ప్రశ్న వచ్చే రోజు గ్యాలరీలో ఆ ఊరివాళ్లు ఉన్నారని తెలిస్తే అడిగే సభ్యుడికీ ఊపు వస్తుంది.

ఇంకోటి. చెరువు పోరంబోకు విషయంలో సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో, 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో గట్టి మాటలు చెప్పింది. అర్జీలో ఆ రెండూ ఒక్కో వాక్యంలో రాయండి. చదివే అధికారికి ఇది కోర్టు దాకా పోగలదని అర్థమవుతుంది.


కుప్పం రైతుబిడ్డ

అక్కా, అందరూ చెప్పింది బాగుంది. నా మనసులో మాట ఒకటి చెప్పాల. మా పక్క చెరువుల్లో నీళ్లు రాక, వచ్చినా నిలవక ఎన్నేండ్లయిందో. ఎండిన చెరువు లోపల అర ఎకరా, పావు ఎకరా దున్నుకుని రాగి, అలసంద వేసుకునేవాళ్లు ఉండారు. వాళ్లకు బయట సెంటు భూమి లేదు. చట్టం గట్టిగా వస్తే జేసీబీ ముందు పోయేది ఆ ముసలమ్మ రాగి చేను మీదికే. కాంపౌండు కట్టినోడికి వకీలు ఉంటాడు, స్టే వస్తుంది. ఇట్లా జరగదని మీ కాగితంలో ఎక్కడ రాస్తారు? దానికి జవాబు లేకుండా సంతకం పెట్టమంటే మా ఊళ్లో సగం మంది పెట్టరు. నేనూ ఆలోచిస్తా.


పాకాల టీచరమ్మ

తమ్ముడూ, నువ్వు అడిగింది మా ఊళ్లోనూ ఉంది. నిన్న సాయంత్రం నీ మాట ఆయకట్టు రైతుల దగ్గర చదివి వినిపించినాను. చాలాసేపు వాదులాడుకున్నారు. నీళ్లు తగ్గినాక లోపల రాగి వేసుకుంటే చెరువుకు నష్టం లేదు, నీళ్లు వస్తే ఆ చేను మునుగుతుంది, వేసినవాళ్లకూ అది తెలుసు అని నీరుగట్టి తాత చెప్పినాడు. నష్టమంతా మట్టి తోలి మట్టం పెంచినప్పుడు, గోడ కట్టినప్పుడు, కాలువ మూసినప్పుడు. కాబట్టి ముసాయిదాలో ఇట్లా రాస్తాం: తొలగింపు ముందు కాలువ మూసినవాటితో, కట్టడాలతో, మట్టి నింపినవాటితో మొదలు కావాల, కట్టడం లేకుండా ఎండకాలం సాగు చేసుకునే భూమిలేని కుటుంబాన్ని గ్రామసభలో విచారించి, వేరే దారి చూపించకుండా కదిలించకూడదు. దీంట్లో పట్టా ఇవ్వడం అనే మాట రాకూడదని మాత్రం మావాళ్లు గట్టిగా అన్నారు. పట్టా వచ్చిన మర్నాడు అది ప్లాటవుతుందని వాళ్ల భయం. ఆ భయంలో న్యాయం ఉంది. కోర్టు వీధి సార్, ఈ రెండు వాక్యాలు చట్టం భాషలో నిలబడతాయా చూసి చెప్పండి.

కట్టమీద సార్, మెమోయిర్ అనే పేరే మాలో ఎవరికీ తెలీదు. సమాచార హక్కు దరఖాస్తులు రెండు జిల్లాలకూ రాసి పెట్టినాం. పైచెరువు, కిందిచెరువు పేర్లు దాంట్లో ఉంటాయన్నారు కదా, అది చదివినప్పటి నుంచి పిల్లలు గొలుసు మొత్తం గీయాలని కూర్చున్నారు. స్వర్ణముఖి దాకా ఏ చెరువు మొరవ ఏ చెరువులో దిగుతుందో ఒక పటం. ఎమ్మెల్యేలకు ఇచ్చే కాగితం వెనకవైపు ఆ పటమే వేస్తాం, ఏ నియోజకవర్గం ఎక్కడ మొదలవుతుందో గుర్తు పెట్టి.


కట్టమీద మనిషి

కుప్పం తమ్ముడి ప్రశ్న సరైనది, టీచరమ్మ జవాబు కూడా సరైనదే. "వేరే దారి చూపించకుండా" అన్నచోట ఆ దారి ఏదో రాయండి. ఉపాధి హామీ పనిలో పూడికతీత, కాలువ మరమ్మతు మొదట ఆ కుటుంబాలకే ఇవ్వాలని చేర్చొచ్చు. వకీలు సారు వద్దన్న కొత్త ఖర్చు కిందికి ఇది రాదు.

పటం గీసే పిల్లలకు ఒక మాట: కాలువను కాగితంలో చూసి గీయొద్దు. వాన పడ్డ మర్నాడు నీళ్ల వెంట నడిచి గీయండి. ఎఫ్‌ఎంబీలో ఉండేది ఒక దారి, నీళ్లు పోయేది ఇంకో దారి ఉంటే రెండూ రెండు రంగుల్లో వేయండి. అవి ఎక్కడ విడిపోతే అక్కడ ఏదో కట్టినారని లెక్క.


కుప్పం రైతుబిడ్డ

గ్రామసభ మాట, పట్టా వద్దనే మాట రెండూ ఉంటే మా ఊళ్లో నేను చదివి వినిపిస్తా. నీటి వినియోగదారుల సంఘం ఎన్నికలు 2024 డిసెంబరులో జరిగినాయి కదా, మా సంఘం అధ్యక్షుడితో తీర్మానం కూడా చేయించే పూచీ నాది. కాగితం పంపండి అక్కా.


పాకాల టీచరమ్మ

పంపుతాను తమ్ముడూ. ముసాయిదా ఈ ఆదివారం ఇక్కడే పెడతాను, ఎవరైనా దిద్దొచ్చు. శ్రీకాళహస్తి, సత్యవేడు, పుత్తూరు, పలమనేరు పక్కవాళ్లు ఎవరైనా ఉంటే మీ మండలంలో మూసుకుపోయిన సప్లై చానల్ ఒక్కటి చాలు, సర్వే నంబరు, ఫొటో పెట్టండి. మునిగిన వీధులవాళ్లు మీ వీధి పేరు, నీళ్లు ఎంత ఎత్తు వచ్చినాయో రాయండి, గోడమీద మరక ఇంకా ఉంటే దాని ఫొటో. ఇళ్ల యజమానుల పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ రాయొద్దు, అవి సంతకాల కాగితంలో మాత్రమే. గొల్లవానిగుంట బాబూ, సంతకాల ఫారం నీకు విడిగా పంపినాను, పైన రెండు ఊళ్ల పేర్లకు ఖాళీ పెట్టినాం, మీది ముందు రాయి.